తెర మీది ఆటకు గొంతు: ఈ-స్పోర్ట్స్ వ్యాఖ్యాత వృత్తి



ఖరగ్‌పూర్ రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫాం ఇదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దీన్ని దాటిపోయాయి. ఇంత పొడవైన ప్లాట్‌ఫాం మీద ఒక చివర నిలబడ్డవారికి రెండో చివర ఏం జరుగుతోందో కనిపించదు. బండి ఎక్కడుంది, ఎటు వస్తోంది, ఎంత ఆలస్యం అనే సంగతులు వారికి లౌడ్‌స్పీకరులో వినిపించే గొంతు ద్వారానే తెలుస్తాయి. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే వృత్తి కూడా అటువంటిదే. చూసేవారి కంటికి అందని ఆటను మాటతో అందించే మనిషి ఈ-స్పోర్ట్స్ వ్యాఖ్యాత.

ఈ-స్పోర్ట్స్ అంటే ఏమిటి?

కంప్యూటర్ మీదగానీ, మొబైల్ ఫోన్ మీదగానీ నియమాల ప్రకారం, నైపుణ్యంతో, ప్రేక్షకుల ఎదుట పోటీగా ఆడే ఆటలను ఈ-స్పోర్ట్స్ అంటారు. కాలక్షేపానికి ఆడుకునేది గేమ్. జట్లు, రిఫరీలు, పాయింట్లు, ప్రసారం తోడైతే అది క్రీడ అవుతుంది.

ఈ పోటీల చరిత్ర చాలామంది అనుకునే దానికంటే పాతది. 1972 అక్టోబర్ 19న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ‘స్పేస్‌వార్’ అనే కంప్యూటర్ ఆటలో పోటీ జరిగింది. బహుమతి ఒక పత్రికకు ఏడాది చందా! అయితే ఆటకు వ్యాఖ్యానాన్ని జోడించి దాన్ని ఒక వృత్తిగా నిలబెట్టింది దక్షిణ కొరియా. 2000లో అక్కడ ఆటల కోసమే ఆన్‌గేమ్‌నెట్ అనే కేబుల్ చానల్ మొదలైంది. స్టార్‌క్రాఫ్ట్ పోటీలకు ముగ్గురు వ్యాఖ్యాతలు పక్కపక్కన కూర్చునేవారు. వారిలో జన్ యోంగ్‌జున్ ఉత్సాహంగా ఆటను నడిపించేవాడు. కిమ్ తేహ్యాంగ్ ఎత్తుగడలు విప్పి చెప్పేవాడు. మూడో వ్యక్తి ఓమ్ జేగ్యాంగ్ అంతకుముందు బొమ్మల కథల రచయిత. ఆటగాళ్లకు బిరుదులు పెట్టి, ఒక పోటీకీ మరో పోటీకీ మధ్య కథను అల్లడం అతని ప్రత్యేకత. ఆట తెలియని ఇంటివారు కూడా టీవీ ముందు కూర్చోవడానికి ఆ కథలు తోడ్పడ్డాయి.

పాశ్చాత్య దేశాలలో ఈ పని టీవీలో కాక ఇంటర్నెట్ రేడియోలో పుట్టింది. 1990ల చివర వచ్చిన ‘షౌట్‌కాస్ట్’ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని ఆటను మాటల్లో ప్రసారం చేసేవారు. అందుకే ఈ వ్యాఖ్యాతలను నేటికీ ‘షౌట్‌కాస్టర్’ అనీ, పొట్టిగా ‘కాస్టర్’ అనీ పిలుస్తున్నారు.

ప్రసారంలో ఎవరి పని ఏమిటి?

సాధారణంగా ఇద్దరు వ్యాఖ్యాతలు జంటగా పనిచేస్తారు. ఒకరు ఆట జరుగుతున్న వేగంతో జరిగింది జరిగినట్లు చెబుతారు. మరొకరు విశ్లేషకులు. ఆట నెమ్మదించినప్పుడు ‘ఎందుకు ఇలా జరిగింది’ అన్నది వివరిస్తారు. పోరు మొదలైన క్షణంలో విశ్లేషకుడు మాట ఆపి పక్కవాడికి దారి ఇవ్వాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే జంట బలం.

తెర మీద కనిపించని ముఖ్యమైన వ్యక్తి ఇంకొకరు ఉన్నారు. ఆయన అబ్జర్వర్, అంటే ఆట లోపలి కెమెరామన్. బీజీఎంఐ పోటీలలో నలుగురేసి చొప్పున 16 జట్లు, మొత్తం 64 మంది ఒకే మైదానంలోకి దిగుతారు. తెర మాత్రం ఒక్కటే. ఎవరిని చూపాలో అబ్జర్వర్ నిర్ణయిస్తారు. చూపని చోట ఏం జరిగి ఉంటుందో వ్యాఖ్యాత మూలనున్న చిన్న పటాన్నీ, పక్కన పడే పేర్ల వరుసనూ చూసి పోల్చుకోవాలి. ఇదంతా జరుగుతుండగానే చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ సూచనలు వస్తుంటాయి. ఒక చెవితో వింటూ, కళ్లతో చదువుతూ, నోటితో తడబడకుండా మాట్లాడటం సాధనతోనే వస్తుంది.

ఒక ఉదాహరణ

వ్యాఖ్యాతకు ఆట లెక్కలు ఎంత అవసరమో చూద్దాం. కౌంటర్-స్ట్రైక్‌లో ఒక జట్టు బాంబు పెడుతుంది, రెండో జట్టు దాన్ని నిర్వీర్యం చేయాలి. పెట్టిన బాంబు 40 సెకన్లలో పేలుతుంది. నిర్వీర్యం చేయడానికి కిట్ ఉంటే 5 సెకన్లు, లేకపోతే 10 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు 8 సెకన్లు మిగిలి ఉండగా రక్షక జట్టులోని చివరి ఆటగాడు బాంబు దగ్గరకు చేరాడనుకోండి. కిట్ ఉంటే అతనికి ఇంకా 3 సెకన్ల వెసులుబాటు ఉంది. లేకపోతే ఆ రౌండు అప్పటికే పోయింది. తర్వాతి రౌండుకైనా పనికొస్తుందని తుపాకీ కాపాడుకుని దూరంగా పరుగెత్తడమే అతనికి మిగిలిన దారి. లెక్క తెలియని వ్యాఖ్యాత “అయ్యో, పారిపోతున్నాడు!” అంటాడు. తెలిసిన వ్యాఖ్యాత “కిట్ లేదు, సమయం చాలదు, తెలివైన పని చేశాడు” అంటాడు. మొదటి మాట ఆటగాణ్ణి పిరికివాణ్ణి చేసింది. రెండో మాట ప్రేక్షకుడికి ఆట నేర్పింది.

ఏ భాషలో చెప్పాలి?

ఖరగ్‌పూర్ విద్యార్థులకు ఈ ప్రశ్న బాగా దగ్గరిది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బంగ్లా, తరగతిలో ఇంగ్లీషు వింటూ పెరుగుతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. నాలుగు భాషలు వినగల చెవి ఈ వృత్తిలో పెద్ద పెట్టుబడి.

అయితే భాషలు తెలియడం వేరు, కలగలపడం వేరు. ఈ వాక్యం చూడండి: “టీమ్ రొటేట్ చేసి జోన్ ఎడ్జ్ హోల్డ్ చేస్తూ ఫైట్ కోసం వెయిట్ చేస్తోంది.” ఇందులో తెలుగు ‘చేసి, చేస్తూ, కోసం, చేస్తోంది’ మాత్రమే. అదే సంగతిని ఇలా చెప్పవచ్చు: “వీళ్లు జోన్ అంచున మాటు వేశారు. ఎదుటి రెండు జట్లూ కొట్టుకుని అలసిపోవాలి, అప్పుడు మీద పడాలి. అదీ ఎత్తు!” జోన్ అనే మాట ఆటలోది కనుక ఉండవచ్చు. మాటు, ఎత్తు, పైఎత్తు, చుట్టుముట్టడం వంటివి మన చెడుగుడు, చదరంగం మనకిచ్చిన మాటలే. ఉత్తరాంధ్ర యాసను కూడా దాచుకోనక్కరలేదు. మాట స్పష్టంగా ఉంటే యాస గొంతుకు గుర్తింపు తెస్తుంది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు చానల్ మొదలయ్యాక తెలుగు క్రీడా వ్యాఖ్యానానికి టీవీలో ఒక చోటు ఏర్పడింది. దాన్ని విని నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

బతుకుతెరువు మాట

ఇక అసలు విషయానికి వద్దాం. తాత, తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఇంట్లో కొడుకు “నేను గేమ్ కాస్టర్ అవుతాను” అంటే తల్లిదండ్రులు భయపడటం సహజం. ఆ భయానికి కారణం ఉంది.

మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. అది 2023 మేలో తిరిగి వచ్చింది. ఈ మధ్య కాలంలో ఆ ఒక్క ఆట మీదే ఆధారపడిన వ్యాఖ్యాతల పరిస్థితి ఊహించండి. క్రికెట్‌కు యజమాని లేడు, బ్యాటూ బంతీ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ ఆటలు మాత్రం కంపెనీల సొత్తు. ఆట ఆగితే గొంతు ఆగుతుంది. పైగా ఎక్కువ మంది నెలజీతగాళ్లు కారు, పోటీ ఉన్న రోజులకే పారితోషికం. అందువల్ల రెండు మూడు ఆటలు నేర్చుకోవడం, చదువు పూర్తి చేయడం, యాంకరింగ్, డబ్బింగ్, వీడియో ఎడిటింగ్ వంటి పక్క నైపుణ్యం ఒకటి చేతిలో ఉంచుకోవడం అవసరం.

మరో వైపు ఈ రంగానికి గుర్తింపు పెరిగింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీలుగా ఉన్న ఈ-స్పోర్ట్స్‌లో మన తీర్థ్ మెహతా కాంస్యం సాధించాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇవి పతకాల పోటీలయ్యాయి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వశాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అటువంటి ఆటలకు ప్రచారం చేయడం కూడా నేరమే. మైకు పట్టుకునేవారు ఈ గీతను గుర్తుంచుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా పాత పోటీ వీడియో ఒకటి తీసుకుని, ధ్వని ఆపి, పది నిమిషాలు మీరే వ్యాఖ్యానం చెప్పి ఫోనులో రికార్డు చేయండి. మరునాడు వినండి. ఒకే మాట ఎన్నిసార్లు వచ్చింది? ఊపిరి ఎక్కడ అందలేదు? పేరు ఎక్కడ తప్పింది? రాసుకోండి. తర్వాత కాలేజీ పోటీలలో, వీధి క్రికెట్‌లో మైకు అడిగి తీసుకోండి. రోజుకు ఐదారు మ్యాచ్‌లు చెప్పవలసి వచ్చే వృత్తిలో గొంతే పనిముట్టు. నీళ్లు తాగుతూ ఉండాలి, ప్రతి క్షణం అరవకూడదు. మొదటి నిమిషంలోనే తారస్థాయికి వెళ్లిన గొంతుకు చివరి నిమిషంలో వెళ్లడానికి చోటు ఉండదు.

మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఈ ఖరగ్‌పూర్‌లోనే టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేస్తూ ఆడాడు. ఆ కథను చాలామంది ఉద్యోగం వదిలిన సాహసంగా చెబుతారు. కానీ ఉద్యోగం చేసిన ఆ రోజుల్లో కూడా ఆయన సాధన మానలేదన్నది మనకు పనికొచ్చే పాఠం.

అభ్యాసం: మీ ఇంట్లో ఆట తెలియని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మ్యాచ్‌ను తెలుగులో వివరించండి. చివర ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో వారినే అడగండి. వారు చెప్పగలిగితే మీరు వ్యాఖ్యాతగా మొదటి అడుగు వేసినట్లే.