ఒక చిన్న దీవి, రెండు వానాకాలాలు

మీకు తెలుసా? శ్రీలంక చూడడానికి ఏ నెల మంచిదని అడిగితే, ముందు ఏ తీరానికో చెప్పమంటారు. దీవి మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. అయినా దానికి వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కొలంబో, గాలే వైపు వానలు తెస్తుంది. నడుమ అడ్డంగా నిలిచిన కొండలు ఆ మేఘాలను పడమటి వాలుల మీదే కురిపించేస్తాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. కొండ దాటి దిగే గాలిలో ఇక తడి మిగలదు. కాబట్టి అవే నెలల్లో తూర్పున ట్రింకోమలీ, అరుగం బేలలో ఎండ కాస్తుంటుంది. డిసెంబరు వచ్చేసరికి ఈశాన్య గాలితో వాన తూర్పుకు మళ్లుతుంది. అప్పుడు గాలే, మిరిస్సల దగ్గర సముద్రం దిగడానికి అనువుగా ఉంటుంది. విమానం టికెట్లు కొనేముందు ఈ గాలుల లెక్క చూసుకోండి. దీనికి మించిన సలహా నా దగ్గర లేదు.

ఆ కొండల మీదుగా కొలంబో నుంచి బదుల్లా వరకు రైలుదారి వేశారు. అదీ మన బ్రాడ్‌గేజే. పట్టిపొల దగ్గర అది దాదాపు 1,900 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎల్ల దాటాక దెమోదర స్టేషన్ వస్తుంది. వాలు మరీ నిటారు కాకుండా పట్టాలను అక్కడ కొండ చుట్టూ తిప్పారు. స్టేషన్ వదిలిన రైలు చుట్టు తిరిగొచ్చి, అదే స్టేషన్ కింద తవ్విన సొరంగంలోంచి వెళ్తుంది! ఎంత గొప్ప ఆలోచన! వానల్లో కొండచరియలు పడితే ఈ దారి మూతపడుతుంది, కనుక్కుని బయల్దేరాలి.

క్యాండీలో మన వాళ్ల జాడ ఉంది. 1739 నుంచి 1815 దాకా క్యాండీ రాజ్యాన్ని ఏలింది తెలుగు మూలాలున్న నాయక వంశం. శైవ కుటుంబంలో పుట్టిన ఆ రాజులే బుద్ధుడి దంతధాతువుకు కాపలాదారులయ్యారు. దంత మందిరం ముందున్న చెరువు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహ 1807లో తవ్వించింది. బ్రిటిష్ వాళ్లు ఆయన్ని గద్దె దించి వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే కన్నుమూశారు.

ప్రతి పౌర్ణమీ శ్రీలంకలో పోయా, దేశమంతటా సెలవు. మద్యం, మాంసం అమ్మరు. మందిరాలు మాత్రం జనంతో నిండిపోతాయి. క్యాండీకి ఆ రోజు వెళ్లేవాళ్లు బస ముందే చూసుకోవాలి.