పుట్టి బండెక్కితే

జూరాల దగ్గర, సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి వేసి చేపలు పడతారు. వెదురుతో అల్లి, పట్టా కప్పి, తారు పూసిందే పుట్టి. దాన్ని ఇంకో రేవుకు ట్రాలీ బండిలో ఎట్లా తీసుకుపోవాలె?

పుట్టిని బోర్లా పెట్టాలి. వెల్లకిలా పెడితే గాలి నిండి చాట లెక్క లేస్తుంది. వెనుక వచ్చే బండి మీద పడితే ప్రాణమే పోతుంది.

అంచు ఆనే చోట గోనెసంచులు వేయండి. లేకుంటే పట్టా చిరుగుతుంది. చిన్న చిల్లే నడి నీళ్లలో ముంచుతుంది.

తాళ్లు అడ్డంగా, నిలువుగా వేసి బండి కొక్కేలకు బిగించండి. తెడ్డు విడిగా కట్టండి. బయటికి వచ్చిన అంచుకు ఎర్రగుడ్డ కట్టండి. పుట్టి మీద ఎవరినీ కూర్చోనీయకండి.

కొంత దూరం పోయాక బండి ఆపించండి. కుదుపులకు తాడు వదులవుతుంది. మళ్లీ బిగించండి.

రేవు చేరినాక పట్టా చూడండి. చిరిగితే అతుకు వేసి, తారు పూసి, ఆరినాకే నీళ్లలో దించండి.