హార్మోనుల రైలు ప్రయాణం

నేపర్‌విల్‌లో రూట్ 59 స్టేషనులో పొద్దున్నే మెట్రా రైలెక్కి షికాగో వెళ్ళేవాళ్ళలో మన తెలుగు సాఫ్ట్‌వేరు వాళ్ళు చాలామందే కనిపిస్తారు. రైల్లో కూర్చున్నంతసేపూ ఆఫీసు పని జరగదు (లాప్‌టాప్ తెరిచేవాళ్ళని మినహాయిద్దాం). యూనియన్ స్టేషనులో దిగి, నడిచి వెళ్ళాకే పని మొదలు. మన ఒంట్లో థైరాయిడ్ హార్మోను పద్ధతీ ఇంచుమించు ఇదే.

హార్మోనులన్నీ రక్తంలోకే వచ్చిపడతాయి కాని, అన్నీ ఒకేలా ప్రయాణం చెయ్యవు. రక్తంలో ఎక్కువ భాగం నీరు. ఇన్సులిన్, ఎడ్రినలిన్ వంటివి నీటిలో సులువుగా కలిసిపోతాయి కనక వాటికి వాహనం అక్కర్లేదు. కాకపోతే అవి అల్పాయుష్కులు. రక్తంలో చేరిన ఇన్సులిన్‌లో సగం అయిదారు నిమిషాలలో మాయమవుతుంది. ఎడ్రినలిన్ అంతసేపు కూడా ఉండదు. కుక్క వెంటపడినప్పుడు దడదడలాడిన గుండె కాస్సేపటికి కుదుటపడేది అందుకే.

కార్టిజాల్, ఈస్ట్రోజెన్, టెస్టాస్టిరోన్ కొలెస్టరాల్ నుంచి పుట్టినవి. వీటికి నూనె గుణం ఎక్కువ, నీటితో పొత్తు కుదరదు. థైరాయిడ్ హార్మోను పుట్టుక వేరైనా ఈ విషయంలో వీటి జట్టే. వీటిని మొయ్యడానికి కాలేయం ప్రత్యేకంగా కొన్ని ప్రోటీనులని తయారుచేస్తుంది. థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే టి4 లో సుమారు 75 శాతాన్ని టిబిజి అనే ప్రోటీను ఒక్కటే మోస్తుంది. పదివేల టి4 అణువులలో విడిగా తిరిగేవి రెండో మూడో! జీవకణంలోకి వెళ్ళి పనిచేసేవి ఆ రెండు మూడే. అవి వెళ్ళిపోతే రైల్లోంచి మరో రెండు మూడు దిగుతాయి. మన భాషలో చెప్పాలంటే ఇదొక బఫర్. అందుకే టి4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. (ఈ విభజనకి మినహాయింపులు లేకపోలేదు. గ్రోత్ హార్మోను నీటిలో కరిగేదే అయినా, అందులో ఇంచుమించు సగం ప్రోటీను వాహనమెక్కే తిరుగుతుంది.)

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను. మా అపార్టుమెంటుల్లో ఉండే ఒకావిడ థైరాయిడ్ తక్కువని మాత్ర వేసుకుంటుంది. గర్భవతి అయ్యాక వచ్చిన రిపోర్టులో "మొత్తం టి4" హద్దు దాటింది. ఇండియా నుంచి అత్తగారు ఫోనులో ఆ అంకె విని, "ఎక్కువైపోయిందమ్మా, మాత్ర మానెయ్యి" అన్నారట. డాక్టరుని అడక్కుండా మానొద్దని గట్టిగా చెప్పాను. గర్భంతో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, దానితో టిబిజి పెరుగుతుంది. అంటే రైలుకి అదనంగా పెట్టెలు తగిలించారన్నమాట! కూర్చున్నవాళ్ళ లెక్క పెరిగినంత మాత్రాన దిగినవాళ్ళు పెరిగినట్లు కాదు. పైగా మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం. ఆవిడ డాక్టరు టిఎస్‌హెచ్ చూసి మాత్ర మోతాదు తగ్గించలేదు సరికదా, పెంచారు.

మరి ఏ స్టేషనులో దిగాలో హార్మోనుకి ఎలా తెలుసు? తెలియదు. అది అన్ని అవయవాలకీ వెళుతుంది, గ్రాహకం ఉన్న కణమే దాన్ని పట్టుకుంటుంది. మన నెట్‌వర్కుల్లో బ్రాడ్‌కాస్ట్ లాగన్నమాట. ఈ సంగతి తేల్చిన పనిలో ముఖ్యమైనది మనకి దగ్గర్లోనే, షికాగో విశ్వవిద్యాలయంలో జరిగింది. ఎల్‌వుడ్ జెన్సన్ 1950లలో ఈస్ట్రోజెన్‌కి రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి ఎలుకలకి ఇచ్చి చూశాడు. గర్భాశయం వంటి కణజాలాలు దాన్ని వదలకుండా పట్టుకున్నాయి. కొన్ని రొమ్ము కేన్సర్లకి ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే మందు పనిచేస్తుందో లేదో ముందే చెప్పే పరీక్ష ఆ పరిశోధన నుంచి వచ్చిందే. 2004లో ఆయనకి లాస్కర్ బహుమానం వచ్చింది.

ఈ ప్రయాణాల తేడా మందుల డబ్బాలోనూ కనిపిస్తుంది. థైరాయిడ్ మాత్ర ఒకరోజు మరిచిపోతే సాధారణంగా ఒంటికి తెలియదు, రైల్లో సరుకు ఇంకా ఉంటుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ పంపు గొట్టం రాత్రి నిద్రలో ఊడిపోతే తెల్లవారేసరికే ప్రమాదం ముంచుకు రావచ్చు.