మెటల్ డిటెక్టరు: ఉప్పునేలలో దాని బలమెంత?

భూమిలో దాగిన లోహమును త్రవ్వకుండగనే తెలిసికొనుటకు ఉపయోగపడు యంత్రము మెటల్ డిటెక్టరు. ఈ పరికరము నేడు వినోదముగా వెదకువారి చేతికి కూడ వచ్చినది. రేడియో పనిలో ఆసక్తిగల యువకులు దీనిని స్వయముగా నిర్మించుకొనవచ్చును. కొన్న యంత్రమునకు మార్పులు చేసి మరింత లోతు చూచునట్లు చేయబూనుటయు కలదు. కాని మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతముల నేల ఈ యంత్రమునకు కఠినమైన పరీక్ష పెట్టును. ఏ మార్పు ఫలించునో, ఏది ఫలింపదో ముందుగా తెలిసికొన్నచో డబ్బు మిగులును. అంతకంటె విలువైన మన పూర్వుల చిహ్నములును మిగులును.

యంత్రము పనిచేయు విధము

డిటెక్టరు అడుగున పళ్లెమువంటి భాగములో రాగితీగ చుట్ట యుండును. దానిలో మారుచుండు విద్యుత్తు ప్రవహించినపుడు చుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రము భూమిలోని లోహమును తాకగా, లోహములో చిన్న విద్యుత్ సుడులు పుట్టును. ఆ సుడులు తిరిగి తమ స్వంత క్షేత్రమును వెలువరించును. యంత్రము పసిగట్టునది ఈ ప్రతిధ్వనినే. కావున అది బంగారమును చూచుట లేదు. విద్యుత్తును ప్రవహింపజేయు వస్తువొకటి దగ్గరలో నున్నదని మాత్రమే చెప్పుచున్నది.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి కాల్పులకు గురికాగా, టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇట్టి పరికరముతోనే ఆయన శరీరములోని గుండును వెదకెను. యత్నము ఫలింపలేదు. పరుపులోని ఉక్కు తీగెలు యంత్రమును తికమకపెట్టెనని చెప్పుదురు. పరిసరముల లోహము యంత్రమును మోసగించునను పాఠము నాటినుండియు ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పోలండు ఇంజనీరు కొసాట్స్కీ నిర్మించిన డిటెక్టరు, 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో పాతిన మందుపాతరలను కనుగొనుటకు తోడ్పడెను.

నేడు వాడుకలో నున్నవి ముఖ్యముగా రెండు విధములు. మొదటి రకము ఎడతెగక మారుచుండు విద్యుత్తును పంపి, ప్రతిధ్వని ఎంత ఆలస్యముగా వచ్చినదో చూచి లోహపు రకమును అంచనా వేయును. రెండవది పల్సు రకము. ఇది క్షణకాలము ప్రవాహమును పంపి చటుక్కున ఆపివేసి, తరువాతి నిశ్శబ్దములో లోహపు సుడి ఎట్లు చల్లారుచున్నదో వినును. ఇనుమును తక్కిన లోహములనుండి వేరుచేయుటలో మొదటిది మేలు. ఉప్పునేలలో నిలుచుటలో రెండవది మేలు.

ఉప్పు చేయు మాయ

సముద్రజలము కూడ విద్యుత్తును ప్రవహింపజేయును. రాగితో పోల్చిన అది అత్యల్పమే. కాని నాణెము చిన్నది, తడిసిన ఉప్పునేల విశాలమైనది. అందువలన బందరు తీరమునందును, నాగాయలంక, కోడూరు పరిసరముల చౌడునేలలయందును మొదటి రకపు యంత్రము లోహము లేకున్నను కూయవచ్చును. తీరపు నల్లయిసుకలోని ఇనుప ఖనిజము దీనికి తోడగును. ఉప్పును సరిపెట్టిన ఖనిజము కూయును. ఖనిజమును సరిపెట్టిన ఉప్పు కూయును. ఒకే పౌనఃపున్యముతో పనిచేయు యంత్రము రెంటిని ఒక్కసారి సరిపెట్టజాలదు. పలు పౌనఃపున్యములు వాడు యంత్రములు వచ్చినది ఇందులకే.

పల్సు యంత్రములో ఉప్పునీటి ప్రతిధ్వని కొలది మైక్రోసెకన్లలోనే చల్లారును. ఆ పిమ్మట వినుట మొదలిడిన ఉప్పు అడ్డురాదు. కాని సన్నని బంగారు గొలుసు ప్రతిధ్వని కూడ అంత త్వరగానే చల్లారును. ఉప్పును మరపించుటకు ఆలస్యమును పెంచిన, గొలుసు కూడ మరుగున పడును. ఈ చిక్కు యంత్రపు లోపము కాదు, ప్రకృతి ధర్మము.

ఫలించు మార్పులు, ఫలింపని మార్పులు

బ్యాటరీలు పెంచి బలము హెచ్చించిన లోతు ఎంతో పెరుగునని పలువురి భ్రమ. యంత్రపు క్షేత్రము దూరమునుబట్టి శీఘ్రముగా క్షీణించును. తిరిగివచ్చు ప్రతిధ్వనియు అట్లే క్షీణించును. ఫలితముగా, చుట్ట వెడల్పును మించిన లోతులో, దూరము రెట్టింపైన సంకేతము సుమారు 64వ వంతునకు పడిపోవును. సంకేతమును రెట్టింపు చేసినను లోతు నూటికి 12 వంతులే పెరుగును. 10 అంగుళముల లోతున వినవచ్చు నాణెము 11 అంగుళములకు కొంచెము పైన వినవచ్చును, అంతియే. ఈ స్వల్పలాభమునకై హెచ్చు వోల్టేజి నిచ్చి ట్రాన్సిస్టర్లను కాల్చుకొనుట వివేకము కాదు.

చుట్టను పెద్దది చేసిన పెద్ద వస్తువులు మరింత లోతున దొరకును. కాని చిన్న నాణెములు తప్పిపోవును, ఉప్పునేల సద్దు హెచ్చును. సామాన్య యంత్రమునకు చిన్న నాణెము జానెడు లోతున దొరకిన చాలుననుకొనవలెను.

నిజముగా మేలుచేయునది బలము కాదు, నిలకడ. చుట్టలోని తీగ కదలకుండ జిగురుతో గట్టిపరచవలెను. దానికి సన్నని రేకు తొడుగు చుట్టి, ఆ రేకు రెండు కొసలు కలియకుండ కొంచెము ఎడము విడువవలెను. కలిసినచో ఆ తొడుగే ఒక లోహపు వలయమై యంత్రమును మూగజేయును. ఎండవేడికి విలువ మారని కెపాసిటర్లను వాడవలెను. సరఫరా వోల్టేజి మారకుండ రెగ్యులేటరు నుంచవలెను. విద్యుత్ తీగలు, రొయ్యల చెరువులపై తిరుగు ఏరేటర్ల మోటార్లు సద్దు పుట్టించును గనుక వాటికి దూరముగా వెదకవలెను.

మార్పు ఫలించినదో లేదో గాలిలో నాణెము నూపి నిర్ణయింపరాదు. ఒకే నాణెమును 10, 15, 20 సెంటీమీటర్ల లోతున ఒకే నేలలో పాతి, మార్పునకు ముందును తరువాతను పరీక్షింపవలెను. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయవలెను. నాణెమును పాతువారు వేరు, వెదకువారు వేరు కావలెను. లేకున్న చెవి తనకిష్టమైన దానినే వినును.

దూరమునుండి బంగారము చూపు యంత్రములు

పొలము గట్టుపై నిలిచి, దూరమున పాతియున్న బంగారమును చూపునని చెప్పి కొన్ని పరికరములు అమ్ముదురు. పిడికి బిగించిన కమ్మి ఒకటి అటునిటు తిరుగును. పైన చెప్పిన ధర్మమునుబట్టి చిన్న నాణెమునకు అంత దూరమునుండి వినదగు ప్రతిధ్వనియే రాదు. బ్రిటనులో జేమ్సు మెక్‌కార్మిక్ అనునతడు ఇట్టి పనికిరాని పరికరములను బాంబులు కనుగొనునవని ఇరాకు మొదలగు దేశములకు అమ్మి, 2013లో పదియేండ్ల కారాగారశిక్ష పొందెను. గోల్ఫు బంతులను వెదకునని చెప్పి అమ్మిన బొమ్మవంటి వస్తువే దానికి మూలము.

ఇట్టివాడు మీ యూరికి వచ్చినచో ఒక చిన్న పరీక్ష చాలును. పది మూకుళ్లు బోర్లించి, ఒకదాని క్రింద ఉంగరము నుంచి, చోటు తెలిసినవారు ఎదుట లేకుండ, పదిమార్లు చూపుమనుడు. ఒకటి రెండుమార్లు సరిపడిన అది ఊహ మాత్రమే. ఈ పరీక్షకు ఒప్పుకొననివానికి అడ్వాన్సు ఇయ్యకుడు.

నేలలోని చరిత్ర

ఈ సీమలో నేల క్రింద చరిత్ర యున్న మాట నిజము. గుడివాడ, ఘంటసాల బౌద్ధస్తూపములను గూర్చి అలెగ్జాండర్ రీ 1894లోనే గ్రంథము ప్రకటించెను. టాలెమీ పేర్కొన్న కంటకస్సిల ఘంటసాలయే యని చరిత్రకారుల అభిప్రాయము. శాతవాహనులు సీసపు నాణెములు విరివిగా వేసిరి. అట్టి నాణెము సంతలో విలువ చేయదు. కాని ఏ పొరలో, ఏ ఇటుక ప్రక్కన, ఏ కుండపెంకుతో కలిసి దొరకినదో తెలిసిన అది శాసనమువలె మాటలాడును. గుంతచేసి పెకలించిన మరుక్షణము ఆ నోరు మూతపడును. తిరిగి తెరచుట ఎవ్వరి తరమును కాదు.

కావుననే 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము రక్షిత ప్రదేశములలో అనుమతిలేని త్రవ్వకములను నిషేధించినది. ఇక ఎచ్చటనైనను పది రూపాయలకు మించిన నిధి దొరకినచో, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము దొరకిన వస్తువు, స్థలము, తేదీ వివరములతో కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. దాచినవాడు తన వాటాను కోల్పోవుటయేగాక ఏడాది వరకు శిక్షకును పాత్రుడగును. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టము క్రింద పురావస్తువగును.

వరికోతలో జారిపోయిన ముక్కుపుడక, మరుగున పడిన ఇనుప గొట్టము, కోతమిల్లులో రంపమును విరుగగొట్టు దూలములోని మేకు, ఇవన్నియు ఈ యంత్రము వెదకదగినవే. యువకుడు దీనిని స్వయముగా అమర్చుకొన్న విద్యుచ్ఛాస్త్రము నేర్చుకొనును. పొలము దున్నుచుండగా పాత నాణెమో, చెక్కడపు రాయో బయల్పడినచో దానిని కడుగక, తోమక, చోటును గుర్తుపెట్టి తహశీల్దారునకు గాని పురావస్తు శాఖకు గాని తెలియజేయుడు. యంత్రము కూత మాత్రమే చెప్పును. దాని క్రింది కథను చదువుటకు ఆ చోటు చెదరకుండ నుండవలెను.