సంఘం రేడియో

ఒక ప్రాంతపు ఆహారాన్ని గురించి తెలిపే పత్రికలు లోకంలో అనేకం ఉన్నాయి. ఆ సీమలో ఏమి పండుతుంది, ఎవరు పండిస్తారు, దానిని ఎట్లా వండుకుంటారు అనే సంగతులను అవి పాఠకులకు అందిస్తాయి. అయితే పండించేవారిలో పెక్కుమందికి చదువు రాని చోట అటువంటి పత్రిక ఎవరికోసం వెలువడాలి? జహీరాబాద్ ప్రాంతపు పేద స్త్రీలు కాగితం జోలికి పోకుండానే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పారు. వారు మైకును, కెమెరాను చేతబట్టారు.

జహీరాబాద్ హైదరాబాదుకు పడమరగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంది. పూర్వం మెదక్ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఇక్కడి సేద్యానికి ప్రధానంగా వానే ఆధారం. 1983లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు ఇక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. పస్తాపూర్ దానికి కేంద్రమయింది. మైసూరులో జన్మించిన సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేశారు. సొసైటీ తోడ్పాటుతో ఊరూరా స్త్రీల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యులలో అధికులు దళితులు. కొద్దిపాటి చెలక భూమి గలవారు, కూలిపని మీద బతికేవారు.

అదే 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిందన్నది నిజం. అయితే తరతరాలుగా జొన్నరొట్టె, గటక తిన్న మెట్టప్రాంతాలకు దాని వలన మరొక మార్పు కూడా వచ్చింది. చౌకగా బియ్యం దొరికినప్పుడు రాళ్లభూమిలో జొన్న పండించే శ్రమ ఎందుకనిపించింది. కొన్ని చేలు బీడుపడ్డాయి. వరి అన్నం గౌరవానికి, జొన్నరొట్టె బీదతనానికి గుర్తులయ్యాయి. చుట్టం వస్తే రొట్టె పెట్టడానికి మొహమాటపడే రోజులు వచ్చాయి. 1990ల మధ్యలో సంఘాల స్త్రీలు బీళ్లను తిరిగి సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊరిలోనే నిలువచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు పంచే ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కడో పండిన ధాన్యం లారీలలో రావలసిన అవసరం లేని చౌకధరల దుకాణం వంటిది అది.

ఈ స్త్రీలకు గల వ్యవసాయజ్ఞానం సామాన్యమైనది కాదు. ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు, గోగు మొదలైనవి కలిపి విత్తుతారు. చూసేవారికి ఇది చిందరవందరగా తోచవచ్చు. దాని వెనుక గట్టి లెక్క ఉంది. కంది వేరు లోతుకు దిగుతుంది. చిరుధాన్యాల వేళ్లు పైపొరలో పరచుకుంటాయి. కనుక నేలలోని తేమ కొరకు అన్నీ ఒకచోటనే పోటీపడవు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చి దానిని సారవంతం చేస్తాయి. పెసర ముందుగా కోతకు వస్తుంది, కంది చివరన వస్తుంది. వాన ఒక నెల మొగం చాటేస్తే ఒకటి రెండు పంటలు పోవచ్చునే కాని గాదె పూర్తిగా ఖాళీ కాదు. ఇంటికి కావలసిన రొట్టె, పప్పు, నూనె, కూర అన్నీ ఆ చేనే ఇస్తుంది. పశువులకు మేత సరేసరి.

నల్లరేగడి నేలలో యాసంగి పంటలు మరింత ఆశ్చర్యం కలిగిస్తాయి. శనగ, గోధుమ, కుసుమ, అవిసె వంటివి నీటితడి లేకుండా, నేలలో మిగిలిన తేమతోను, చలికాలపు మంచుతోను పండుతాయి. వీటిని అక్కడివారు ‘సత్యం పంటలు’ అంటారు. సత్యం మీద నిలిచి పండుతాయని వారి నమ్మకం.

విత్తితేనే కూర దొరుకుతుందన్న మాట కూడా వారి విషయంలో సరికాదు. చేలగట్ల మీద, పైరు నడుమ తుమ్మి, పొన్నగంటి, గంగవాయిలి, దొగ్గలి మొదలైన ఆకుకూరలు వాటంతట అవే మొలుస్తాయి. పుస్తకాలలో ఇవి కలుపుమొక్కలు. కలుపుమందు చల్లిన చేనులో ఇవి బతకవు. సంతలో కూరగాయలు కొనలేని ఇంటికి ఆ నష్టం ఎంతటిదో పంట దిగుబడి లెక్కలలో కనబడదు.

విత్తనాలను దాచేది కూడా స్త్రీలే. మట్టితో, పేడతో అలికిన బుట్టలో గింజలు పోసి, బూడిద, వేపాకు కలిపి, మూతిని మట్టితో మెత్తుతారు. విత్తనం లేనివారికి అప్పుగా ఇస్తారు. పంట చేతికి వచ్చిన తరువాత కొంత ఎక్కువ కలిపి తిరిగి తీసుకుంటారు. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు.

ఇంతటి విద్య వారి నోళ్లలోనే ఉండిపోయింది. వారి యాసలో వారి పంటలను గురించి చెప్పే మాధ్యమం వారికి కావలసివచ్చింది. యునెస్కో సాయంతో 1990ల చివరినాటికి మాచునూర్ గ్రామంలో రేడియో కేంద్రం సిద్ధమయింది. కాని ప్రసారానికి అనుమతి లేదు. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, స్వచ్ఛందసంస్థలకు సామాజిక రేడియో నడుపుకునే అవకాశం 2006లో గాని రాలేదు. ఈలోగా ఆ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కార్యక్రమాలను టేపులలో రికార్డుచేసి సంఘాల సమావేశాలలో వినిపించారు. గాలిలోకి వెళ్లలేని గొంతు ఊరి నుండి ఊరికి చేతిలో ప్రయాణం చేసింది.

2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. నాటి తీర్పు వెలువరించిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ దానిని ప్రారంభించడం సముచితంగా ఉంది. 90.4 మెగాహెర్ట్జ్‌పై వినవచ్చే ఈ కేంద్రం నిర్వహణను ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు చేపట్టారు. పొలంపని ముగిసి, వంటపని సాగుతుండే వేళ చూసుకొని రాత్రి ఏడు గంటల నుండి తొమ్మిది గంటల వరకు కార్యక్రమాలు ప్రసారం చేసేవారు. ఏ కార్తెలో ఏమి విత్తాలి, ఏ గింజను ఎట్లా దాచాలి, బాలింతకు ఏది పెట్టాలి, ఏ ఆకు ఏ నొప్పికి పనికివస్తుంది అన్నవి అందులోని ముచ్చట్లు. చెప్పేది ఊరిలోని పెద్దమ్మే, వినేది పక్క ఊరిలోని చెల్లెలే. నాటుపాటలకు కొదవ లేదు.

ఇదే సంఘాల నుండి కొందరు స్త్రీలు వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. ఇంగ్లీషు సాంకేతికపదాలు నోరు తిరగక వారు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుండి కిందికి చూస్తూ తీసిన దృశ్యం ‘పటేల్ షాట్’. భూస్వామి కూలీని చూసే చూపు అది. కింది నుండి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసినది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు కదా! సినిమాశాస్త్రం చదివినవారు కూడా ఇంత సూటిగా చెప్పగలరో లేదో.

ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర బయలుదేరుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లలో రకరకాల విత్తనాలను పెట్టుకొని దాదాపు నెలరోజులు ఊరూరా తిరుగుతారు. ప్రతి ఊరిలోను పాటలతో ఎదుర్కొంటారు, చర్చలు జరుగుతాయి.

2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చి 19న సతీష్ కన్నుమూశారు. ఒకప్పుడు చుట్టం ముందు పెట్టడానికి సిగ్గుపడిన కొర్రలు, సామలు నేడు నగరాల అంగళ్లలో అందమైన పొట్లాలలో బియ్యం కంటె ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. ఆ పొట్లాల మీద వండే విధానం ఉంటుంది, పోషకాల పట్టిక ఉంటుంది. ఆ గింజను బూడిదలో దాచి కాపాడినవారి ఊరుపేరు సాధారణంగా ఉండదు.