పెరటి తోటకు టమాట రకం ఎంపిక

మదనపల్లె మార్కెట్టు నుండి లారీలలో దూర రాష్ట్రాలకు వెళ్ళే టమాటకు మొదట కావలసిన గుణం గట్టిదనం. తోలు మందంగా ఉండాలి, పెట్టెలో నలగరాదు, పండిన తరువాత కూడా కొన్ని రోజులు నిలవాలి. పెరట్లో కోసి నేరుగా వంటింటికి చేర్చే కాయకు ఈ గుణాలతో అంతగా పని లేదు. చారుకు పులుపు, పప్పుకు త్వరగా ఉడికే మెత్తని కండ, పలుచని తోలు ఉంటే చాలు. అయినా విత్తనాల దుకాణంలో గృహస్థుల చేతికి తరచుగా అందేది వాణిజ్య సాగుకు రూపొందించిన సంకర రకమే.

ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా రూబీ పాత రకమే గాని పెరటికి నేటికీ తగినది. కాయలు కొంచెం చదునుగా, తేలికపాటి గాడులతో, పుల్లగా ఉంటాయి. మొక్క పెరుగుతూనే పోతుంది కనుక కర్రల ఊతం తప్పనిసరి. కుండీలలో పెంచేవారికి తమిళనాడులోని పెరియకుళం నుండి వచ్చిన పి.కె.ఎం.-1 మేలు, ఇది పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. నీటి ఎద్దడి గల చోట బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం అర్క వికాస్ నమ్మదగినది.

రకం ఎంత మంచిదైనా కాలం కలిసిరానిదే కాయ నిలవదు. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు పిందె బాగా కట్టుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉంటే పుప్పొడి శక్తి కోల్పోయి పూత రాలుతుంది. దీనిని ఎరువు లోపంగా భావించి యూరియా వేస్తే ఆకు పెరుగుతుందే గాని కాయ పెరగదు. మన ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో నారు పోసి, 25 నుండి 30 రోజుల నారు నాటడం ఉత్తమం. ఎండలు ముదిరే కొద్దీ తెల్లదోమ, దానితో ఆకుముడత వైరస్ తెగులు వస్తాయి. ఏటా ఈ తెగులు కనిపించే పెరట్లో మాత్రం సంకర రకమైన అర్క రక్షక్‌ను ఎంచుకోవడం సబబు. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ ఇది తట్టుకుంటుంది. కాయ గట్టిది, రుచి విషయంలో కొంత సర్దుకోవాలి.

బెండలో కూడా మొదట చూడవలసింది పల్లాకు తెగులునే. అడవి బెండ జాతి నుండి నిరోధక శక్తిని గ్రహించిన అర్క అనామిక, ఆ శక్తి కొన్ని చోట్ల సడలినా, ఇంకా పరిశీలించదగినదే. వంగలో వంటకమే ప్రమాణం: గుత్తివంకాయకు చిన్న గుండ్రని రకాలు, కాల్చి పచ్చడి చేయడానికి పెద్ద కాయల రకాలు.

విత్తనం సొంతంగా దాచుకోదలచినవారు సూటి రకాలే వేయాలి. సంకర రకం గింజల నుండి వచ్చే మొక్కలు తల్లిని పోలవు. టమాటలో స్వపరాగ సంపర్కం అధికం గనుక రకం చాలా వరకు చెడదు. బీర విషయం వేరు. పక్కింట్లో నేతిబీర ఉన్నా తేనెటీగలు పుప్పొడిని కలిపివేస్తాయి. బాగా పండిన టమాట గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి, గింజలను కడిగి నీడలో ఆరబెట్టాలి. పొడి చోట ఉంచితే అవి మూడు నాలుగేళ్ళ వరకు మొలకెత్తుతాయి. ఉల్లి విత్తనాన్ని మాత్రం ఏడాది దాటితే నమ్మరాదు.