పాచి నూనెకు పచ్చదనమే చేటు

చెరువు నీటిని పచ్చగా మార్చే సూక్ష్మ నాచులో డీజిల్ ఇంజనుకు పనికివచ్చే నూనె ఉందంటే నమ్మడం కష్టమే. కాని కొన్ని రకాల నాచు ఎండు బరువులో మూడో వంతు వరకు నూనే ఉంటుంది.

అమెరికా ప్రభుత్వం 1978లో ఈ నూనెపై పరిశోధన ప్రారంభించింది. న్యూమెక్సికో రాష్ట్రంలోని రాస్వెల్ వద్ద ఒక్కొక్కటి పాతిక సెంట్ల విస్తీర్ణం గల కుంటల్లో నాచు పెంచి చూశారు. పెట్రోలియంతో పోటీపడే ధరకు నూనె రాలేదు. 1996లో ఆ కార్యక్రమం మూతపడింది.

పెంచడం ఒక ఎత్తు, నూనెను బాగుచేయడం మరో ఎత్తు. నాచు నుంచి నూనె దింపడానికి హెక్సేన్ వంటి ద్రావకాలు వాడతారు. మన తవుడు నూనె ఫ్యాక్టరీల్లో వాడేదీ హెక్సేనే. అయితే నూనెతోపాటు పత్రహరితం, అంటే ఆకుపచ్చ రంగు కూడా దిగుతుంది. వేరుశనగలో ఆకు వేరు, గింజ వేరు. నాచుకు ఆ తేడా లేదు. ఉన్న ఒక్క కణమే ఆకు, అదే గింజ.

పచ్చగా ఉంటే ఏమిటట అనవచ్చు. పత్రహరితం ఉన్న నూనెకు వెలుతురు తగిలితే త్వరగా ముక్కిపోతుంది. అలా చెడిన ఇంధనం జిగురు కట్టి ఫిల్టర్లకు అడ్డుపడుతుంది. పైగా పత్రహరితంలో మెగ్నీషియం లోహం ఉంది. కిలో బయోడీజిల్‌లో కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి 5 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ప్రమాణం. కిలోకు 0.2 గ్రాముల పత్రహరితం మిగిలితే చాలు, దానిలోని మెగ్నీషియమే ఆ హద్దు దాటుతుంది.

రంగు తీయడానికి నూనె శుద్ధి ఫ్యాక్టరీల వారికి తెలిసిన ఉపాయమే ఉంది. ఆమ్లంతో శుద్ధి చేసిన బంకమట్టిని వేడి నూనెలో కలిపి వడకడతారు. రంగు మట్టిని పట్టుకుపోతుంది. కెనడాలో ఆవజాతి పంట కెనోలా మంచు దెబ్బకు పచ్చిగింజగా మిగిలితే అక్కడి మిల్లులు చేసేదీ ఇదే. చిక్కేమిటంటే మట్టి నూనెను కూడా తాగుతుంది. వాడి పారేసే మట్టి బరువులో ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నూనే ఉంటుంది. గుట్టగా పోస్తే తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది. గింజల నూనె కంటే నాచు నూనెలో పచ్చదనం బాగా ఎక్కువ గనుక మట్టి ఖర్చూ ఎక్కువ, పోయే నూనే ఎక్కువ.

రంగునే ముందు తీసి అమ్ముకుంటే సరిపోదా? ఆస్ట్రేలియాలో 1980లలోనే ఉప్పునీటి మడుగుల్లో డునాలియెల్లా అనే నాచు పెంచి, దాని నుంచి బీటా కెరోటిన్ అనే నారింజ రంగు తీయడం మొదలుపెట్టారు. ఆ రంగుకు నూనె కంటే ఎన్నో రెట్ల ధర. అక్కడ రంగే సరుకు, ఇంధనం ఊసే లేదు.

నాచు నూనె కోసం 2009లో రంగంలోకి దిగిన ఎక్సాన్ మొబిల్ చమురు కంపెనీ కూడా 2023లో ఆ పని నుంచి తప్పుకున్నది.